ఎవరూ పెట్టని సున్నా

ఫ్యాను తిరుగుతోంది, తిరగనీ. అది తిరుగుతున్నంతసేపు కరెంటు ఉన్నట్టే, కరెంటు ఉన్నంతసేపు ఆ మూసిన తలుపు వెనక బల్ల మీద మా మిషన్ నడుస్తున్నట్టే. పదీ పదికి ప్లగ్గు పెట్టారు, నా కళ్ళతోనే చూశాను. పెట్టింది మా సుబ్రమణ్యం సారు. పెట్టి, చేతులు దులుపుకుని, "నువ్వు బయట కూర్చో బద్రున్నీసా, అవసరమైతే పిలుస్తాం" అన్నారు. అవసరమైతేనట. సెలవు పెట్టి ఊరికి వచ్చి, మదనపల్లెలో మొదటి బస్సెక్కి, పుంగనూరు, పలమనేరు దాటుకుని, సగం దూరం నిలబడి ఒళ్ళు హూనం చేసుకుని కుప్పం దాకా వచ్చింది ఈ పాల సంఘం ఆఫీసు వరండాలో బెంచీ గట్టిదనం చూడటానికా? ఆయన మాత్రం బెంగుళూరు నుంచి రైల్లో మిషన్ను ఒళ్ళో పెట్టుకుని దర్జాగా దిగారు. స్టేషనుకు సంఘం జీపు వెళ్ళింది, దిగగానే కాఫీ వచ్చింది. నన్ను చూడగానే ఆ కాఫీ గొంతులో ఆగింది. "నీకు ఈడ ఏం పని? ఈ విచారణ సాక్షుల్లో నీ పేరు లేదే" అన్నారు. రాయకపోతే ఎలా ఉంటుంది? పిలవరని నాకు తెలుసు. అయినా కూర్చున్నాను. ఈ ఒక్క విషయంలో వాళ్ళు నన్ను ఎంతసేపు కూర్చోబెడితే నాకు అంత మంచిది. ఆ మిషన్ ఎంతసేపు ఆగకుండా నడిస్తే దాని లోపలి తప్పు అంత పెద్దదవుతుంది. ఇప్పుడు పదకొండు.

లోపల ప్రభుదాసు నిలబడి ఉండి ఉంటాడు, కూర్చోమని ఎవరూ అని ఉండరు. పుంగనూరులో చుట్టుపక్కల ఊళ్ళ పాలన్నీ వచ్చి చల్లబడే చిల్లింగ్ సెంటరు ఒకటుంది, అందులో ఆపరేటరు ఆయన. యాభై దాటిన మనిషి. పాల ట్యాంకు చల్లగా ఉండాలంటే కంప్రెసరు ఎప్పుడు నడవాలో ఎప్పుడు ఆగాలో చూసుకునే మిషన్ను బెంగుళూరులోని మా కంపెనీ చేసి ఇచ్చింది. మే నెలలో ఒకరోజు ఆ కంప్రెసరు లేవలేదు, నాలుగు వేల లీటర్ల పాలు విరిగి కాలవలో పారాయి. దానికి ప్రభుదాసుకు ఇచ్చిన చార్జిషీటు కాపీ నా సంచిలో ఉంది, బస్సులో మూడుసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. "డ్యూటీ సమయమున మిషన్ను పట్టించుకొనక ప్రార్థన చేయుచుండుట వలన" అట. ఎవడు రాశాడో గానీ ఆ 'వలన' అన్న మాట రాసేటప్పుడు చేయి ఒక్క క్షణమైనా ఆగలేదా? దేనివలన ఏది జరిగిందో తేల్చడం ఎంత కష్టమో నేను రెండు నెలలు తిండి సరిగా తినకుండా తెలుసుకున్నాను, ఈ మహానుభావుడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

బెంచీకి అటు చివర ప్రభుదాసు భార్య ప్రేమకుమారి కూర్చుని ఉంది. మదనపల్లెలో ఒక మిషనరీ ఆసుపత్రిలో ఆయా. ఒళ్ళో టిఫిన్ క్యారియరు. పొద్దున్నించి అది దించి కింద పెట్టలేదు. నన్ను సంఘం ఆఫీసులో ఏదో పని మీద వచ్చిన మనిషి అనుకుంటోంది, నేనూ అనుకోనిస్తున్నాను. "నువ్వు మదనపల్లె దానివేనా మ్మా?" అని అడిగింది ఇందాక. అవునక్కా, గడియారాలు బాగుచేసే అబ్దుల్ జబ్బార్ కూతుర్ని అంటే ముఖం కాస్త విచ్చుకుంది. "మా ఆయనకు గడియారమే లేదు. ఆసుపత్రిలో బాయిలర్ కాడ పనిచేసేటప్పుడు మంట పెట్టినాక ఎంతసేపు ఆగల్లో తెలియాల గదా, పెద్దాయనొకడు పరలోక ప్రార్థన ఒకసారి చెప్పుకో, ఆమెన్ అన్నాక వాల్వు తిప్పు అని నేర్పించినాడంట. ఇరవై ఏండ్లు అట్లనే చేసినాడు. ఒక్కనాడు గూడా ఏమీ కాలేదు." కాసేపు క్యారియరు పిడిని తిప్పింది. "పని పోతే పోనీ మ్మా. పాలు పోసేవాళ్ళు ముఖం తిప్పుకోని పోతాండారు, అదే ఆయన తట్టుకోలేకుండాడు." నా నోట్లో ఉన్న మాట ఒకటే, అది పలకడానికి ధైర్యం చాలలేదు. ఆ మిషన్ లోపలి ప్రోగ్రాం రాసింది నేను.

పోనీ ఆయన చెప్పలేదా అంటే, చెప్పాడు. అక్కడే నాకు ఎక్కువ మండుతుంది. మార్చిలో సెంటరు లాగ్ పుస్తకం నకలు మా ఆఫీసుకు వచ్చింది. ఏటవాలు అక్షరాలు, నీలం సిరా. "కరెంటు పొయ్యి టక్కున వస్తే పసుపు లైటు పోదు, మిషన్ లేవదు. స్విచ్ ఆపి, ఒక ప్రార్థన చేసి వేస్తే లేస్తుంది. మూడు తూర్లు చూసినాను." అంతే, మూడు వాక్యాలు. పసుపు లైటు అంటే 'ఆగు' అని. కంప్రెసరు ఒకసారి ఆగితే మూడు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి, వెంటనే లేపితే కాలిపోతుంది, అందుకని ఆ మూడు నిమిషాలు పసుపు లైటు వెలుగుతుంది. సుబ్రమణ్యం సారు ఆ నకలును టీ వేళ అందరికీ గట్టిగా చదివి వినిపించారు. "మన ప్రోగ్రాముకు పాస్టరు గారు కావాలంట" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళు కనబడేలా నవ్వాను, టీ ఒలికింది కూడా. ఇంజనీరింగు చదివిన పదకొండు మందిమి ఉన్నాం ఆ గదిలో. తప్పు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు, ఎన్నిసార్లు చూశాను, ఈ మూడూ ఇంత తేటగా రాసిన రిపోర్టు మాలో ఒక్కరం కూడా అంతవరకు రాసి ఎరగం. ప్రార్థన అన్న మాట ఒక్కటి కనబడేసరికి తక్కినదేదీ కనబడలేదు మాకు. ఆయన ఒక నిమిషం అని రాసి ఉంటే వెంటనే పరీక్షించేవాళ్ళం, ఆయన దగ్గర గడియారం లేదు కాబట్టి నవ్వాం. తర్వాత మా కంపెనీ సంఘానికి సలహా రాసింది, ఆపరేటరు స్విచ్ ముట్టరాదు, పసుపు లైటు వెలిగితే అలాగే వదిలేయాలి, మిషన్ తనంతట తానే లేస్తుంది అని. సెంటరు మేనేజరు దాన్ని మెమోగా మార్చి ప్రభుదాసు చేత సంతకం పెట్టించాడు.

ఏముంది లోపల, ఎందుకు లేవదు? ఇది కుప్పంలోనే కాదు, బెంగుళూరులో కూడా నేను ఎవరికి చెప్పబోయినా రెండో వాక్యానికే ఆవులించారు. ఆవులించాల్సిన విషయమేమీ కాదు ఇది. ప్రోగ్రాములో మనం పేరు పెట్టుకున్న ప్రతి గడికీ మెమరీలో ఒక చోటు కావాలి, ఆ చోటు ఎక్కడో చూసేది, మనం రాసినదాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలరు. గడిలో మొదట ఏడు ఉండాలని రాస్తే ఆ ఏడును చిప్పులో భద్రంగా మోసుకుపోవాలి, మిషన్ లేవగానే తీసి గడిలో పెట్టాలి. మరి సున్నా ఉండాలని రాస్తే? సున్నాలను మోయడం దేనికి, చిప్పులో చోటు దండగ, "ఇన్ని గడులు కావాలి, అన్నీ సున్నాలే" అని ఒక చీటీ రాసి పెడితే చాలు, లేచిన వెంటనే ఎవరో ఒకరు అన్ని గడులను తుడిచి సున్నాలు చేస్తారు. తెలివైన పద్ధతే, నేను కాదనను. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే ప్రశ్న. పెద్ద కంప్యూటరులో మామూలు ప్రోగ్రాముకు ఆ బెంగ లేదు, దానికంటే ముందు లేచి అన్నింటినీ నడిపే మూల ప్రోగ్రాము, అంటే కెర్నెల్, అన్నీ తుడిచి పెట్టి, రా నాయనా అని పిలుస్తుంది. కానీ మేము రాసిందే కెర్నెల్. ఇంట్లో అందరికన్నా ముందు లేచేది అదే. ముందు లేచిన మనిషి వాకిలి ఊడ్చకపోతే ఇంకెవరు ఊడుస్తారు? అయిదంటే అయిదు వరుసల కోడు, ఇక్కడి నుంచి అక్కడిదాకా సున్నా పెట్టు అని. మా కెర్నెల్లో ఆ అయిదు వరుసలూ లేవు.

లేకపోవడం మరచిపోవడం కాదు, అది మా వాళ్ళ ఘనకార్యం. మొదటి నుంచీ మా దగ్గరున్న పాత కంపైలరు ఏమీ రాయకుండా ఖాళీగా వదిలిన గడులనే చీటీలో వేసేది. చేత్తో "సున్నా" అని రాస్తే ఆ సున్నాను కూడా నిజమైన విలువలాగే చిప్పులో మోసుకొచ్చేది. అందుకని సుబ్రమణ్యం సారు నాలుగేళ్ళ కిందట ఒక నియమం పెట్టారు, ఎవరూ గడిని ఖాళీగా వదలకూడదు, సున్నా కావాలంటే సున్నా అని రాసి తీరాలి అని. అలా రాస్తే తుడిచే పని ఉండదు, ఆ అయిదు వరుసలూ మిగులుతాయి. కొత్తగా చేరిన వాళ్ళకు ఆయన చెప్పే మొదటి పాఠం అదే, మరిచిపోతే అందరి ముందు నిలబెట్టేవారు. నన్నూ నిలబెట్టారు. అప్పటి నుంచి నేను నిద్రలో రాసినా సున్నా మరవలేదు. ఈ ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో కొత్త కంపైలరు ఫ్లాపీల్లో వచ్చింది. దానికి తెలివి ఎక్కువ. మనం రాసిన సున్నాలను కూడా చూసి, ఇవీ సున్నాలే గదా అని చీటీలోకి తోసేసింది. పుస్తకంలో ఎక్కడో లోపల ఒకే ఒక్క వాక్యం ఉంది దాని గురించి. ఆ వాక్యం నేను చదివాను. చదివి సంతోషించాను. ప్రోగ్రాము పదకొండు వందల బైట్లు తగ్గి, రెండు చిప్పులు పట్టేది ఒక్క చిప్పులో పట్టింది, ఆ కబురు పరుగెత్తుకుంటూ పోయి చెప్పింది నేనే, సారు అందరికీ మైసూర్ పాక్ తెప్పించారు, ఆ ఒక్క చిప్పే పుంగనూరు మిషన్లోకి ఎక్కింది. తగ్గిన పదకొండు వందలూ ఏమయ్యాయి, ఇకమీదట ఆ సున్నాలు ఎవరు పెడతారు అని అడగాల్సిన మనిషిని నేను. మైసూర్ పాక్ తిన్నాను.

ఫ్యాను మందగించింది. రెక్కలు విడివిడిగా కనబడుతున్నాయి, ఒకటి, రెండు, మూడు. లేచి నిలబడ్డాను. ఇప్పుడు కరెంటు పోతే, పోయి అరగంట రాకపోతే, మిషన్ మెమరీ పూర్తిగా ఖాళీ అయి అంతా బుద్ధిగా ఉన్నట్టు కనబడుతుంది, నేను పొద్దున్నించి కూర్చున్నదంతా గంగలో కలుస్తుంది. కుప్పం కరెంటుకు ఇప్పుడే పోవాలని ఉంటే ఎవరేం చేస్తారు? "ఏం మ్మా, యాల లేసినావు?" అంటోంది ప్రేమకుమారి. మళ్ళీ ఊపందుకుంది, రెక్కలు కలిసిపోయాయి. వోల్టేజి తగ్గిందంతే. కూర్చున్నాను. పదకొండూ పది. గంటైంది.

మా అబ్బా మదనపల్లెలో తన కొట్టులో ఏ గడియారం విప్పినా ముందు దాని సామాను పెట్టే పళ్ళేన్ని తుడిచేవాడు. శుభ్రంగానే ఉంది కదా అబ్బా అంటే, "ఎవరు తుడిచినారు, నువ్వు చూసినావా? చూడలేదు గదా, అయితే తుడవలేదనే లెక్క" అనేవాడు. నాకు చిరాకొచ్చేది. జూన్లో సెంటరు నుంచి మిషన్ను విప్పి మా ఆఫీసుకు పంపినప్పుడు సుబ్రమణ్యం సారు దాన్ని పది నిమిషాలు నడిపి, ఆపి, వేసి, బాగానే ఉంది పొమ్మన్నారు. ఆయన ఆపితే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి గానీ వేయరు. ఆ ఉపన్యాసం ప్రభుదాసు ప్రార్థన కంటే పొడుగు. ఈలోగా కరెంటు మొత్తం దిగిపోయి మా బోర్డు గడుల్లో దాదాపు ఎప్పుడూ సున్నాలే మిగిలేవి. అది ఆ చిప్పుల దయ, ఎవరూ రాసిచ్చిన హామీ కాదు. నేను దాన్ని ఒక శనివారం నడుస్తుండగానే మరిచి ఊరికి వెళ్ళాను. సోమవారం ఊడ్చే ఆమె కాలికి తగిలి ప్లగ్గు ఊడింది, ఆమె భయపడి టక్కున పెట్టేసింది. పసుపు లైటు వెలిగింది. మూడు నిమిషాలకు ఆరలేదు, సాయంత్రానికీ ఆరలేదు. అప్పుడు మెమరీ తెరిచి చూశాను. కంప్రెసరు ఆగినప్పుడల్లా, మళ్ళీ ఎన్నో నిమిషానికి లేపాలో మా కెర్నెల్ ఒక గడిలో రాసుకుంటుంది. మిషన్ కొత్తగా లేచినప్పుడు దాని గడియారం మొదటి నిమిషం నుంచి నడుస్తుంది, ఆ గడిలో సున్నా ఉండాలి. ఆ గడికి సున్నా అని నేను చేత్తో రాశాను, కానీ అది చీటీలో చేరింది, తుడిచే దిక్కు లేదు, ప్లగ్గు టక్కున పెట్టడంతో పాత అంకె తనంతట చెరిగే వ్యవధీ లేదు. కాబట్టి అందులో శనివారం నుంచి నడిచిన పాత లెక్క అలాగే ఉంది, రెండు వేల తొమ్మిది వందల చిల్లర నిమిషాలు. అన్ని నిమిషాలూ ఆగమంటోంది. పిచ్చి మిషన్ చెప్పినట్టే చేస్తోంది.

మూడు పేజీలు రాసి సారుకు ఇచ్చాను. చదివారు, చదవలేదనను. చదివాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నాలుగేండ్లుగా మిషన్ను లేపేది నా స్టార్టప్ కోడే, బాగా నడస్తాండాది. ఇప్పుడు తప్పంటే సంఘానికి ఏం మొహం పెట్టుకుని పోవాల? కొత్త చిప్పు చేసి పంపిద్దాంలే, అందులో సరిచెయ్యి, ఎవరికీ చెప్పబళ్ళేదు" అన్నారు. మరి ప్రభుదాసు సార్ అన్నాను. "ఆపరేటరు సంగతి వాళ్ళు చూసుకుంటారు" అన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, అది ఇదే. ఆ అయిదు వరుసలూ నేనే రాశాను, కొత్త చిప్పు వేరే మిషన్లో పుంగనూరుకు పోయింది, ఇప్పుడక్కడ పసుపు లైటు మూడు నిమిషాలకు బుద్ధిగా ఆరుతోంది. తప్పు చేసిన చిప్పు మాత్రం పాత మిషన్లోనే ఉంది, సాక్ష్యమని సంఘం వాళ్ళు మా ఆఫీసుకే వచ్చి దాని మూతకు సీలు వేసిపోయారు కాబట్టి దాన్ని మార్చడానికి సారుకు వీలుపడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళను చూశాం గానీ, మద్దెల ఓడైతే ఆడినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను.

మే నెల ఆ సాయంత్రం ఎలా గడిచిందో నేను చూడలేదు, కానీ పుంగనూరు బస్టాండులో ఇవాళ బస్సు ఆగిన పది నిమిషాలూ అదే కళ్ళ ముందు ఆడింది. నాలుగింటికి కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అంతకు ముందు మిషన్ ఆగకుండా రోజున్నర నడిచింది. పసుపు లైటు వెలిగింది. ఎండకు వేడెక్కిన పాలు గంగవరం వైపు నుంచీ, ఇంకా పై ఊళ్ళ నుంచీ క్యాన్లలో వచ్చి ట్యాంకులో పడుతున్నాయి. ప్రభుదాసుకు తెలుసు ఏం చేయాలో. స్విచ్ ఆపి, ఒక్క ప్రార్థన చేసి వేస్తే చాలు. చేయకూడదని సంతకం పెట్టాడు. ముట్టుకుంటే మెమో, ముట్టుకోకపోతే పాలు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేనేజరుకు ఫోను చేస్తే మనిషి దొరకలేదు. రెండు గంటల ఇరవై నిమిషాలు ఆ మనిషి పసుపు లైటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మేము రాసిచ్చిన కాగితం మాట నిలబెట్టడానికి. తర్వాత ఇక ఓర్చుకోలేక స్విచ్ ఆపాడు, ప్రార్థన చేశాడు, వేశాడు. కంప్రెసరు లేచింది. పాలు అప్పటికే విరిగిపోయాయి. సరిగ్గా ఆమెన్ అనే వేళకు మేనేజరు లోపలికి వచ్చాడట. 'ప్రార్థన చేయుచుండుట వలన'.

"అక్కా" అన్నాను. "ఆ మిషన్ ప్రోగ్రాం రాసింది నేనే. తప్పు ప్రోగ్రాముది. అన్న చేసిందే సరైన పని." ప్రేమకుమారి క్యారియరును ఒళ్ళోంచి తీసి బెంచీ మీద ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఎప్పటినుంచి తెలుసు మ్మా నీకు?"

"జూన్ నుంచి."

"ఇది ఆగస్టు గదా."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఏం చేశావు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, సారు కాళ్ళావేళ్ళా పడ్డాను, ఉత్తరం రాశాను, అబ్బా ఆపరేషను, తమ్ముడి చదువు, ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. అన్నీ నిజాలే, ఒక్కటీ పనికిరాదు. కోపమంతా సుబ్రమణ్యం సారు మీదికి తోసి రెండు నెలలు హాయిగా బతికాను నేను, ఆయన పెద్ద దొంగ, నేను చిన్న దొంగ, తేడా అంతే.

తలుపు తెరుచుకుంది. అటెండరు గంగులప్ప ఖాళీ గ్లాసులతో బయటికొచ్చాడు. "అయిపోయినట్టే. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చినాడు. పని మానుకుంటే కేసు లేకుండా వదిలేస్తారంట" అని ప్రేమకుమారికి చెప్పాడు, మంచి కబురులాగా. ఆమె లేవలేదు. నేను లేచాను. గంగులప్ప, "ఏమ్మా, యాడికి పోతాండావు, నిన్ను పిలవలేదు" అంటున్నాడు. పిలవలేదు, పిలవరు. తోసుకుని లోపలికి వెళ్ళాను.

బల్ల వెనక విచారణకు వచ్చిన వెంకటస్వామి గారు, పక్కన మేనేజరు. బల్ల మీద మిషన్, కంప్రెసరుకు బదులు దానికి తగిలించిన బల్బు వెలుగుతోంది, థర్మామీటరు వైరు వేడినీళ్ళ గ్లాసులో ఉంది, పక్కనే ఐసుముక్కల గిన్నె. పేపర్వెయిటు కింద సంతకం పెట్టిన కాగితం. ప్రభుదాసు నిలబడే ఉన్నాడు. సుబ్రమణ్యం సారు కుర్చీలోంచి సగం లేచారు.

"సార్, నా పేరు బద్రున్నీసా. ఈ మిషన్లో ప్రోగ్రాం రాసింది నేను. ఒక్క మాట అడుగుతాను. పదీ పదికి పెట్టిన ప్లగ్గు మళ్ళీ తీసినారా?"

వెంకటస్వామి గారు నన్ను, తర్వాత సారును చూశారు. "లేదు. ఐసులో ముంచితే ఆరుతాది, వేడినీళ్ళలో పెడితే మూడు నిమిషాలకు వెలుగుతాది. మీ సారు అదే చూపించినాడు. మిషన్ బాగానే ఉండాది గదా?"

"ఇంకొక్కసారి ఐసులో పెట్టించండి సార్. బల్బు ఆరినాక ప్రభుదాసన్న స్విచ్ ఆపి వెంటనే వేస్తాడు. మూడు నిమిషాల్లో వెలిగితే నేను మాట్లాడకుండా పోతాను."

"సార్, ఈ అమ్మాయికి ఇంట్లో ఏవో ఇబ్బందులు" అని మొదలుపెట్టారు సుబ్రమణ్యం సారు. వెంకటస్వామి గారు చేయెత్తి ఆపి, తనే వైరు తీసి ఐసులో పెట్టారు. కాసేపటికి బల్బు ఆరింది. ప్రభుదాసు స్విచ్ మీద చేయి వేసి నా వైపు చూశాడు.

"ప్రార్థన లేకుండానా మ్మా?"

"లేకుండానే అన్నా."

ఆపాడు, వేశాడు. పసుపు లైటు వెలిగింది. వైరు వేడినీళ్ళలోకి మార్చారు. పదకొండూ ఇరవై అయిదు. ఇరవై ఎనిమిది అయింది, బల్బు వెలగలేదు. ముప్ఫై అయింది. ముప్ఫై అయిదు. సుబ్రమణ్యం సారు, "లూజ్ కాంటాక్టేమో, ఆపి చూద్దాం" అని చేయి చాపారు, నేను స్విచ్ మీద అరచేయి పెట్టి కప్పేశాను. "ఇది మధ్యాహ్నం పన్నెండూ ముక్కాలు దాకా వెలగదు సార్. పొద్దున ఎంతసేపు నడిచిందో అంతసేపు ఆగుతుంది. ఆ రోజు రోజున్నర నడిచింది. ఈయన మాకు మార్చిలోనే రాసి పంపినాడు" అన్నాను. చీటీ సంగతి, సున్నాల సంగతి, అయిదు వరుసల సంగతి అంతా చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు. వెంకటస్వామి గారు మాత్రం వినేంతసేపూ బల్బు వైపే చూశారు. తర్వాత పేపర్వెయిటు పక్కకు జరిపి, కాగితం తీసి, బల్ల మీదుగా ప్రభుదాసు వైపు తోశారు. "ఇది నువ్వు తీసుకోప్పా. కూర్చో ముందు."

ప్రభుదాసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు, కానీ కూర్చోలేదు. "సార్, ఈ గదిలో మీకు నలుగురికీ తెలిసింది. సంతోషం. పాలు పోసేవాళ్ళు రెండు వందల ఇండ్లోళ్ళు ఉండారు. పుంగనూరులో నాతో టీ తాగేవాడు లేడు. వాళ్ళకు ఎవరు చెప్తారు సార్?"

వెంకటస్వామి గారు రిపోర్టులో రాస్తానన్నారు. మేనేజరు నోటీసు బోర్డులో పెట్టిస్తానన్నాడు. ప్రభుదాసు అన్నింటికీ తలూపాడు, అయినా నిలబడే ఉన్నాడు. ప్రేమకుమారి ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నాలుగు గోడల మధ్య చెప్పడానికే నాకు రెండు నెలలు పట్టింది. రేపు తెల్లవారేసరికి పుంగనూరులో క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడిన జనం ముందు, మీ పాలు పోగొట్టింది నేను అని చెప్పాలి. ఒకరు తిడతారు, ఒకరు ఉమ్మేస్తారేమో. మదనపల్లెలో అబ్బాకు సాయంత్రానికల్లా తెలుస్తుంది.

"పొద్దున పాలు పోసేది ఎన్ని గంటలకన్నా?" అన్నాను.

"అయిదున్నరకు మ్మా."

"నేను వస్తాను" అన్నాను.